టీఎంఎస్‌కి వెళ్లే ముందు ఆరు వారాలు ఖాళీ చేసుకోండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. నా వయసు 41. అంగన్‌వాడీలో పనిచేస్తాను. రెండేళ్ల నుంచి డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. మొదట ఎస్సిటాలోప్రామ్ ఇచ్చారు, కొన్ని నెలలయ్యాక వెన్లాఫాక్సిన్‌కి మార్చారు. రాత్రిపూట నిద్రకి క్లోనజెపామ్ వేసుకుంటాను. మునుపటికంటే కొంచెం నయమే గానీ పూర్తిగా తేరుకోలేదు. పొద్దున్నే లేవాలంటే ఒళ్లు కదలదు. సెంటర్లో పిల్లలు ఏడుస్తున్నా నాకేమీ అనిపించడం లేదు, అదే భయంగా ఉంది. ఒక్కోసారి నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి నయమేమో అనిపిస్తుంది. విజయనగరంలో నన్ను చూసే డాక్టరు గారు విశాఖపట్నం వెళ్లి టీఎంఎస్ చేయించుకోమన్నారు. తలమీద అయస్కాంతం లాంటిది పెడతారట, రోజూ వెళ్లాలట. మా అత్త ‘బుర్రకి కరెంటెట్టిస్తే మనిషి ఏటైపోద్దో’ అని ఒప్పుకోవడం లేదు. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు కూడా వాడుతున్నాను, అయస్కాంతం వల్ల ఒంట్లో ఇనుముకి ఏమైనా అవుతుందా అని మా ఆయన అడుగుతున్నారు. చిన్నప్పుడు జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చాయని మా అమ్మ చెప్పేది. నొప్పి ఉంటుందా? జ్ఞాపకం పోతుందా? రోజూ రైల్లో వెళ్లి రావచ్చా? మందులు మానేయొచ్చా? ఖర్చు మా వల్ల అవుతుందా? మా ఆయనది గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అమ్మాయి ఇంటర్ చదువుతోంది.
ఒక సోదరి, విజయనగరం జిల్లా

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన ప్రశ్నల జోలికి వెళ్లే ముందు, మధ్యలో మామూలుగా రాసేసిన ఒక మాట గురించి మాట్లాడాలి. ‘నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి నయమేమో’ అన్నారు. ఈ మాట మీ డాక్టరు గారికి చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఈ వారంలోనే వెళ్లి చెప్పండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇవాళ రాత్రి మీ ఆయనకీ చెప్పండి. డిప్రెషన్ ముదిరినప్పుడు చాలామందికి ఇంచుమించు ఇవే మాటలతో ఈ ఆలోచన వస్తుంది. జబ్బు తగ్గేకొద్దీ అదీ పోతుంది. అంతదాకా ఇంట్లో పొలానికి తెచ్చిన పురుగుమందు ఉంటే బయటికి పంపించేయమనండి. మాత్రలు మీ ఆయన దగ్గర ఉంచి ఏ రోజువి ఆ రోజు తీసుకోండి. ఆ ఆలోచన రోజూ వస్తున్నా, ఎలా చేసుకోవాలన్నదాకా వెళ్లినా టీఎంఎస్ మొదలయ్యేదాకా చూద్దామని అనుకోకండి. అది పనిచేయడానికి వారాలు పడుతుంది. నేరుగా విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఏ వేళప్పుడైనా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బులేమీ పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక చికిత్స సంగతి. మీ అత్తగారు భయపడుతున్నది ఈసీటీ గురించి, అంటే జనం షాక్ ట్రీట్‌మెంట్ అనేదాని గురించి. అందులో మత్తు ఇచ్చి, తలకి కొన్ని సెకన్లు కరెంటు పంపి, కావాలనే ఫిట్ వచ్చేలా చేస్తారు. మీకు చెప్పింది అది కాదు. టీఎంఎస్ అంటే ట్రాన్స్‌క్రానియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, అయస్కాంత క్షేత్రంతో తల బయటినుంచే మెదడుని తట్టి లేపే చికిత్స. ఇందులో మత్తు లేదు, ఫిట్ తెప్పించడం లేదు, పరగడుపున రావక్కర్లేదు. కుర్చీలో కూర్చుని ఉంటారు, కళ్లు తెరిచే ఉంటారు, పక్కనున్న టెక్నీషియన్‌తో మధ్యమధ్యలో మాట్లాడొచ్చు కూడా. అయిపోగానే లేచి బస్సెక్కొచ్చు. జ్ఞాపకం పోవడమన్న భయం ఈసీటీ నుంచి దీనికి అంటుకుంది. టీఎంఎస్ వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతిన్నట్టు ఇన్నేళ్ల వాడకంలో కనబడలేదు. నిజానికి డిప్రెషనే మతిమరుపు తెస్తుంది. అది తగ్గినప్పుడు చాలామంది ‘బుర్ర తేటపడింది’ అంటారు.

మీ అత్తగారి మాటలో ఒక పాలు నిజం లేకపోలేదు. మెదడులో కరెంటు పుట్టే మాట వాస్తవమే, కానీ అది బయటినుంచి తీగతో ఎక్కించేది కాదు. అయస్కాంత క్షేత్రం చటుక్కున మారితే దగ్గరున్న వాహకంలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. మీ అమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలో ఈ పాఠం ఉంటుంది. ఆ సూత్రంతోనే 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు తలకి కోత పెట్టకుండా, నొప్పి లేకుండా, బయటినుంచే మెదడుని కదిలించి మనిషి చెయ్యి ఆడేలా చేశారు. తలమీద పెట్టే కాయిల్‌లో, అంటే తీగచుట్టలో, కరెంటు క్షణంలో వచ్చి పోతుంది, దాంతో పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి లోపల రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకా వెళ్లి అక్కడి నాడీకణాలను తట్టి లేపుతుంది. డిప్రెషన్‌కి ఎక్కువగా ఎంచుకునేది ఎడమవైపు నుదుటి వెనక భాగం. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఆ భాగం మందకొడిగా పనిచేస్తుంది, భావోద్వేగాలను నడిపే లోపలి భాగాలతో దానికుండే సంబంధం కూడా దెబ్బతింటుంది. రోజూ అదే చోట తడుతూ పోతే ఆ అల్లిక మళ్లీ సర్దుకుంటుందన్నది దీని వెనకున్న ఆలోచన. మందులకు లొంగని డిప్రెషన్‌కి అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2008లో అనుమతి ఇచ్చింది.

ఐరన్ మాత్రల గురించి మీ ఆయన అడిగింది మంచి ప్రశ్న. రక్తంలో ఇనుము మేకులోని ఇనుములా ముద్దగా ఉండదు, హిమోగ్లోబిన్‌లో అణువు అణువుగా కలిసి ఉంటుంది. అయస్కాంతం దాన్ని లాగలేదు. ఎంఆర్‌ఐ మిషన్‌లో ఇంచుమించు ఇంతే బలమైన అయస్కాంతంలో ఒళ్లంతా పెట్టి అరగంట పడుకోబెడతారు, ఐరన్ మాత్రలు వాడేవాళ్లను కూడా. మాత్రలు మానొద్దు. పైగా రక్తహీనత వల్ల వచ్చే నీరసం డిప్రెషన్ నీరసంతో కలిసిపోయి కనిపిస్తుంది. టీఎంఎస్‌కి వెళ్లేలోపు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు ఇటీవల చేయించుకున్నారో లేదో చూసుకోండి. థైరాయిడ్ తక్కువై మందులు పనిచేయనివాళ్లు కూడా ఉంటారు.

మొదటిరోజు మిగతా రోజుల్లా ఉండదు, కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాను. ముందు చాలా ప్రశ్నలు అడుగుతారు. తలలో, మెడలో లోహం ఏమైనా ఉందా? మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, లోపలుండిపోయిన ఇనుప ముక్క లాంటివి ఉంటే ఈ చికిత్స చేయరు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. పంటికి వేసిన సిమెంటు, సంతానం వద్దని వేయించుకున్న కాపర్-టీ అడ్డు కావు. తర్వాతి ప్రశ్న ఫిట్స్. అక్కడ మీ అమ్మగారు చెప్పిన మాట తప్పకుండా చెప్పండి, చిన్నప్పటిదే కదా అని వదిలేయకండి. చిన్నతనంలో జ్వరంతో ఒకసారి వచ్చిన ఫిట్స్ ఉన్నంతమాత్రాన చికిత్స కుదరదని కాదు. ఆ తర్వాత ఎప్పుడైనా వచ్చాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అని అడిగి, అవసరమైతే ఈఈజీ, అంటే మెదడు తరంగాల పరీక్ష, తీసి నిర్ణయిస్తారు.

నగల సంగతి కూడా ముందే తెలిస్తే మంచిది, అక్కడికెళ్లాక ఇబ్బంది పడతారు. దిద్దులు, ముక్కుపుడక, తలపిన్నులు, మెడలోని గొలుసులు తీయమంటారు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పకపోతే ఆ ఆరు వారాలు సూత్రాలు ఇంట్లో ఉంచి పసుపుతాడుతో వెళ్లండి. మీ అత్తగారితో ఈ మాట ముందే అనుకోండి. గాజులు, మెట్టెలు తీయక్కర్లేదు. తల వెనక కుర్చీకి ఆనాలి కాబట్టి కొప్పు పెట్టుకోకుండా జడ వేసుకుని వెళ్లండి.

ఆ తర్వాత మీ మెదడుకి ఎంత బలం సరిపోతుందో చూస్తారు. కాయిల్‌ని తల మధ్యభాగానికి ఎడమపక్క పెట్టి ఒక్కొక్క దెబ్బగా ఇస్తూ మీ కుడిచేతి బొటనవేలు ఎప్పుడు అదురుతుందో గమనిస్తారు. వేలు దానంతటదే కదలడం చూసి మొదటిసారి చాలామంది ఉలిక్కిపడతారు. అందులో ప్రమాదం లేదు. వేలిని కదిలించగలిగిన అతి తక్కువ బలమే మీ కొలత. చికిత్స సాధారణంగా దానికంటే కొంచెం ఎక్కువ, 120 శాతం బలంతో ఇస్తారు. ఈ కొలత మనిషికీ మనిషికీ మారుతుంది. నిద్ర లేకపోయినా, మందులు మారినా ఒకే మనిషిలో కూడా మారుతుంది. అందుకే మధ్యలో మందు మారితే, డోసు మారితే, అది దగ్గుకి వేసుకున్న మాత్రే అయినా, వెళ్లగానే టెక్నీషియన్‌కి చెప్పాలి.

రెండోరోజు నుంచి పని తేలిక. చెవులకి ఇయర్‌ప్లగ్స్ ఇస్తారు. మిషన్ టకటకమని గట్టిగా చప్పుడు చేస్తుంది, రోజూ వింటే చెవికి మంచిది కాదు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. పాత పద్ధతిలో నాలుగు సెకన్లు దెబ్బలు, 26 సెకన్లు విరామం, ఇలా 37 నిమిషాలు పైచిలుకు సాగేది. విరామం తగ్గించి దాన్ని 19 నిమిషాలకి తెచ్చారు. థీటా బరస్ట్ అనే పద్ధతిలో అయితే మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల చికిత్స కూడా 37 నిమిషాల చికిత్సకి తీసిపోదని కెనడాలో నాలుగు వందల మందికి పైగా రోగులపై చేసిన పరీక్షలో తేలింది, 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ‘మూడు నిమిషాలకే ఇంత డబ్బా’ అనుకోకండి, తక్కువసేపు కూర్చోబెట్టారని తక్కువ చికిత్స ఇచ్చినట్టు కాదు.

నొప్పి గురించి అడిగారు. నుదుటి పక్కన ఎవరో గోటితో వరసగా టకటకా మొట్టుతున్నట్టు ఉంటుంది. కొందరికి కనుబొమ, దవడ అదురుతాయి, ఒకవైపు కన్ను ఆర్పుకుంటుంది. మొదటి వారం తలనొప్పి మామూలే, పారాసిటమాల్‌తో తగ్గుతుంది. రెండో వారానికి చాలామందికి అలవాటైపోతుంది. భరించలేనట్టుంటే పళ్లు బిగబట్టి కూర్చోకండి. మొదటి కొన్ని రోజులు బలం తగ్గించి ఇవ్వొచ్చు, కాయిల్ కోణం కాస్త మార్చొచ్చు, మీరు చెబితేనే వాళ్లకి తెలుస్తుంది. నొప్పి పళ్లలోకి వస్తున్నా చెప్పాలి.

దీనివల్ల పెద్ద ప్రమాదమంటే ఫిట్ రావడం. అది చాలా అరుదు, చికిత్స తీసుకునే వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు. వచ్చినా కుర్చీలో ఉండగానే వస్తుంది, మిషన్ ఆపేస్తారు, సాధారణంగా నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది. దాంతో మూర్ఛ జబ్బు పట్టుకోదు. కానీ ఆ అవకాశాన్ని పెంచేవి రెండు మీ చేతిలో ఉన్నాయి. ఒకటి నిద్ర. మీ ఆయన నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేదాకా మేలుకుని, మళ్లీ తెల్లారకుండా లేచి రైలెక్కితే ఆరోజు చికిత్సకి మీరు సిద్ధంగా లేనట్టే. నిద్ర పట్టని రాత్రి గడిస్తే వెళ్లగానే చెప్పండి, ఆరోజు వాయిదా వేయొచ్చు. రెండోది క్లోనజెపామ్‌ని ఒక్కసారిగా మానేయడం.

ఈ క్లోనజెపామ్ దగ్గర కాస్త ఆగాలి. ఈ జాతి మాత్రలు వాడుతున్నవాళ్లలో టీఎంఎస్ ఫలితం కొంత తక్కువగా ఉందని కొన్ని పరిశీలనలు చెప్పాయి. కాబట్టి దాన్ని తగ్గించడం గురించి డాక్టరు గారిని అడగండి. కానీ మీ అంతట మీరు ఒక్కసారి మానేయొద్దు. అలా హఠాత్తుగా ఆపితేనే ఫిట్స్ వస్తాయి, అదీ చికిత్స మధ్యలో అయితే మరీ ప్రమాదం. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. వెన్లాఫాక్సిన్ సంగతీ అంతే. టీఎంఎస్ జరుగుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత కూడా కొన్ని నెలలు చాలామంది మందు వాడుతూనే ఉంటారు. ‘మిషన్ మొదలైంది కదా’ అని మాత్రలు ఆపితే మూడు నాలుగు రోజుల్లోనే కళ్లు తిరగడం, చిరాకు, ఏడుపు వస్తాయి, ఆ నింద మిషన్ మీద పడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద విషయం. ఈ చికిత్స మధ్యలో వదిలేయాల్సి వస్తే దానికి నొప్పి కంటే రాకపోకలే కారణమయ్యే అవకాశం ఎక్కువ. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు, మొత్తం 20 నుంచి 30 సెషన్లు. కొన్నిచోట్ల ఆ తర్వాత తగ్గించుకుంటూ ఇంకో ఆరు ఇస్తారు. చీపురుపల్లి మెయిన్ లైన్ మీదే ఉంది, పలాస నుంచి వచ్చే బండి ఎక్కితే విశాఖపట్నం చేరతారు, నిజమే. కానీ పొద్దున మంచం దిగడానికే ఒళ్లు సహకరించని మనిషి రోజూ రైల్లో రానూపోనూ నాలుగైదు గంటలు ఆరు వారాలు తిరగాలంటే ఎంత కష్టమో ముందే లెక్కేసుకోవాలి. విశాఖలో చుట్టాలెవరైనా ఉంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ ఉండి, శనాదివారాలు ఇంటికి రావడం నా సలహా. అది కుదరకపోతే కనీసం మొదటి రెండు వారాలైనా అలా ఉండండి.

మత్తు లేదు కాబట్టి తోడు లేకుండా వెళ్లి రావచ్చని టీఎంఎస్ సెంటర్లో చెబుతారు. అది మామూలు సంగతి. మీకొచ్చే ఆ ఆలోచన ఉన్నన్నాళ్లూ మీరు ఒంటరిగా ప్రయాణం చేయొద్దు. మీ ఆయన షిఫ్టు కలవని రోజుల్లో అన్నదమ్ములో, వదినగారో, పక్కింటావిడో ఎవరో ఒకరు వంతులవారీగా రావాలి. ఆ భారం ఇంటర్ చదివే పిల్ల మీద పెట్టకండి. అంగన్‌వాడీలో సెలవు కోసం సూపర్‌వైజర్ గారిని ఇప్పుడే అడిగి, డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వండి. చికిత్స కోసం అని ఉంటే సరిపోతుంది, జబ్బు పేరు ఊరందరికీ చెప్పాల్సిన పని లేదు. విజయనగరంలో సిరిమాను, లేకపోతే సంక్రాంతి ముందు పది రోజుల్లో మొదలుపెట్టకండి. ఒకటి రెండు రోజులు తప్పితే చివర కలుపుకోవచ్చు, వారం పాటు తప్పితే పట్టు సడలుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు కాబట్టి, మూడు నిమిషాల సెషన్లని మధ్యలో గంట దాకా విరామం ఇచ్చి రోజుకి రెండు చొప్పున చేసి వారాలు తగ్గించగలరా అని అడిగి చూడండి. కొన్ని సెంటర్లలో చేస్తారు.

ఫలితం ఎప్పుడు తెలుస్తుందన్నది మీరు అడగలేదు, కానీ మధ్యలో మానేసేది అక్కడే. మొదటి రెండు వారాలు చాలామందికి ఏమీ తెలియదు. మూడో వారానికి ‘ఇంత తిరిగినా ఏం లేదు’ అని నిరాశ వస్తుంది. మార్పు చాలాసార్లు రోగి కంటే ముందు ఇంట్లోవాళ్లకి కనిపిస్తుంది. మీరు అడక్కుండానే కూరలో ఉప్పు చూస్తారు, ఫోన్ మోగితే తీస్తారు, సెంటర్ పిల్లల్లో ఒకరి పేరు ఇంట్లో ఎత్తుతారు. మీ అమ్మాయిని ఒక నోట్‌బుక్‌లో వారానికోసారి ఇలాంటివి రాయమనండి: ఎన్నింటికి లేచారు, ఎంత తిన్నారు, ఎవరితో మాట్లాడారు. డాక్టరు గారికి అది బాగా పనికొస్తుంది. ఒక్క హెచ్చరిక. నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు, ఆగకుండా మాటలు, అనవసరమైన ఖర్చులు కనిపిస్తే సంతోషపడిపోకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి. కొద్దిమందిలో, ముఖ్యంగా బైపోలార్ జబ్బు (దిగులు, విపరీతమైన హుషారు మార్చి మార్చి వచ్చేది) లోపల దాగి ఉన్నవాళ్లలో, మనసు అటువైపు ఒరిగిపోతుంది.

ఎంతమందికి నయమవుతుంది? ఆశ పెట్టి మోసం చేయడం నాకిష్టం లేదు. అమెరికాలో 42 క్లినిక్‌లలో 307 మందిని గమనించి 2012లో ప్రచురించిన లెక్కలో, డాక్టర్ల అంచనా ప్రకారం 58 శాతం మందికి గణనీయంగా మెరుగైంది, 37 శాతం మంది దాదాపు పూర్తిగా తేరుకున్నారు. కానీ అందులో పోలిక కోసం ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లు లేరు. ఉత్తుత్తి కాయిల్ పెట్టి పోల్చిన 2010 నాటి పరీక్షలో అసలు చికిత్సతో పూర్తిగా తేరుకున్నవాళ్లు 14 శాతం, ఉత్తుత్తి దానితో 5 శాతం. తేడా నిజమైనదే, కానీ అద్భుతం కాదు. దీన్ని మీకున్న మరో దారితో పోల్చి చూడండి. రెండు మందులు పనిచేయని తర్వాత మూడో మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్లు స్టార్-డీ అనే పెద్ద అమెరికన్ అధ్యయనంలో ఏడుగురిలో ఒకరే. ఆ మూడో మందుతో బరువు, నోరెండడం లాంటి బాధలు కూడా ఉండొచ్చు, ఇందులో అవి లేవు. అందుకే మీ స్థితిలో ఇది ప్రయత్నించదగ్గదే అంటాను. తేరుకున్నవాళ్లలో సగానికి పైగా ఏడాది దాకా నిలబడతారు. మిగతావాళ్లకి మళ్లీ వస్తే, మొదటిసారి పనిచేసిన చికిత్స రెండోసారీ పనిచేసే అవకాశం బాగా ఉంటుంది.

డబ్బు. ఒక్కో సెంటర్లో ఒక్కో రేటు, సెషన్‌కి ఇంతని చెబుతారు, అది చిన్నదిగా కనిపిస్తుంది. ముప్పైతో గుణించి, దానికి దారి ఖర్చులు, విశాఖలో ఉండే ఖర్చు, పోయిన జీతం కలిపి చూసుకోండి. మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. మధ్యలో ఆపితే మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తారా అని అడగండి. అన్నీ ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి, వారంవారం కట్టండి. ప్రైవేటుకి వెళ్లే ముందు విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, కేజీహెచ్‌లో ఈ చికిత్స దొరుకుతుందేమో, ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లో దీనికి వర్తిస్తుందేమో అడిగి తెలుసుకోండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది గానీ ఆరు వారాలు అక్కడ ఉండటం మీకు భారమే. మెడికల్ ఇన్సూరెన్స్ ఉంటే, మానసిక జబ్బులకీ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయితే ఆసుపత్రిలో చేరకుండా చేసే చికిత్స కాబట్టి చాలా పాలసీలు అక్కడ పేచీ పెడతాయి. ముందే రాతపూర్వకంగా అడగండి.

‘పిల్లల మార్కులకి’, ‘జ్ఞాపకశక్తికి’, ‘ఆటిజంకి’ అంటూ ఇదే మిషన్‌ని అమ్మే ప్రకటనలు కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. డిప్రెషన్‌కి, ఓసీడీకి (అవే ఆలోచనలు, అవే పనులు వదలకుండా పదేపదే వచ్చే జబ్బు) ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉంది. సెంటర్‌లో సైకియాట్రిస్టు స్వయంగా మిమ్మల్ని చూసి రాస్తున్నారా, టెక్నీషియన్ గదిలోనే ఉంటున్నారా, ఫిట్ వస్తే చూసుకునే ఏర్పాటు ఉందా అన్నవి చూడండి. గదిలో కుర్చీ ఎంత అందంగా ఉందన్నది లెక్కలోకి తీసుకోకండి.

మీ అత్తగారిని ఒప్పించడానికి నా ఉత్తరం కంటే మంచి దారి ఆవిడని మొదటిరోజు వెంట తీసుకెళ్లడం. గదిలో కూర్చుని, మీరు మెలకువగా ఉండి మాట్లాడుతుండటం ఆవిడ కళ్లారా చూస్తే సగం భయం అక్కడే పోతుంది. ఆవిడ వద్దంటున్నది మీమీద ప్రేమతోనే కదా.

ఇరవై సెషన్లు అయ్యాక కూడా మీ నోట్‌బుక్‌లో ఏ మార్పూ కనిపించకపోతే ఏం చేస్తారో మొదటిరోజే అడగండి. కొందరికి ఇంకో పది ఇస్తే ఆలస్యంగా పనిచేస్తుంది. కుడివైపుకి మార్చి చూడొచ్చు. లిథియం లాంటి మందు జత చేయొచ్చు, మాటల ద్వారా చేసే చికిత్స కలపొచ్చు. తిండి మానేసేంతగా, ప్రాణం మీదకి వచ్చేంతగా ముదిరితే అప్పుడు ఈసీటీయే అన్నిటికంటే త్వరగా, గట్టిగా పనిచేసేది. మత్తు లేకుండా అది చేయడాన్ని ఇందాక చెప్పిన 2017 చట్టమే నిషేధించింది, కాబట్టి మీ అత్తగారు విన్న పాతకాలం కథలు ఇప్పుడు జరగవు. అంతదాకా వస్తే మళ్లీ రాయండి, దాని గురించి విడిగా చెబుతాను. ప్రస్తుతానికి మీ డాక్టరు గారి దగ్గరికి ఈ వారం వెళ్లే పని మాత్రం ఆపొద్దు.